జమ్ము పెట్టెకు తెడ్డు లేదు

సంఘ పెద్దలకు, సహోదరీ సహోదరులకు ప్రభువు నామమున వందనములు. ఈ కుటుంబ కూడికలలో మూడవ సాయంకాలానికి నాకు ఇచ్చిన అంశం “దేవునికి అప్పగించుట”. మన ప్రార్థనలలో ఈ మాట రాని రోజు లేదు. పిల్లల పరీక్షలను అప్పగిస్తాం, ప్రయాణాలను అప్పగిస్తాం, పొలాన్ని, వ్యాపారాన్ని, ఆపరేషను చేయబోయే డాక్టరుగారి చేతులను అప్పగిస్తాం. అయితే అప్పగించిన తరువాత మన చేతిలో ఏమి మిగలాలి, ఏమి మిగలకూడదు అని ఎవరైనా నిలబెట్టి అడిగితే తడబడతాం. ఈ సాయంకాలం ఆ ఒక్క ప్రశ్న దగ్గరే నిలుద్దామని నా ఉద్దేశం. అందుకోసం బైబిలులోని ఇద్దరు తల్లులను మీ ముందుకు తీసుకువస్తున్నాను. మొదటి తల్లి కథ ఇప్పుడే చదువుకున్న నిర్గమకాండము రెండవ అధ్యాయంలో ఉంది. రెండవ తల్లి కథ ఆదికాండములో ఉంది, దానిని మనం అంత ఇష్టంగా చదవము.

హెబ్రీయుల మగబిడ్డలను ఏటిలో వేయమని ఐగుప్తు రాజు ఫరో ఆజ్ఞ ఇచ్చిన రోజులవి. మోషే తల్లి యోకెబెదు “ఒక జమ్ము పెట్టె తీసికొని, దానికి జిగటమన్నును కీలును పూసి” అందులో బిడ్డను పెట్టింది. (జమ్ము అంటే ఏటి ఒడ్డున పెరిగే రెల్లు వంటి గడ్డి, కీలు అంటే తారు.) ఇక్కడ పెట్టె అని అనువదించిన హెబ్రీ మాట “తేవా”. పాత నిబంధనలో ఈ మాట రెండు సందర్భాలలోనే కనబడుతుంది. ఒకటి ఈ జమ్ము పెట్టె, రెండవది నోవహు ఓడ. తెలుగులో ఒకచోట ఓడ అనీ, మరొకచోట పెట్టె అనీ ఉండడం వల్ల ఆ బంధుత్వం మనకు కనబడదు. కానీ హెబ్రీ భాషలో వినేవాడికి మోషే పెట్టె అనగానే నోవహు ఓడ గుర్తుకు వస్తుంది. మన అనువాదకులు తెలిసి చేశారో లేదో గాని ఒక్క మాటను మాత్రం రెండు చోట్లా నిలిపారు, అది “కీలు”. ఓడకు లోపటను వెలుపటను కీలు పూయమని దేవుడు నోవహుతో చెప్పాడు, ఈ తల్లి కూడా కీలు పూసింది. ఓడ పొడవు 300 మూరలు, వెడల్పు 50, ఎత్తు 30 అని కొలతలన్నీ ఇచ్చిన వాక్యంలో చుక్కాని గురించి, తెరచాప గురించి, తెడ్డు గురించి ఒక్క ముక్క కూడా లేదు. చివరకు తలుపు కూడా నోవహు వేసుకోలేదు, “యెహోవా ఓడలో అతని మూసివేసెను” అని వ్రాయబడింది. సముద్రపు అంచున పుట్టి పెరిగిన మీకు ఈ సంగతి నేను విప్పి చెప్పనవసరం లేదు. తెడ్డు గాని చుక్కాని గాని లేనిదానిని మీరు పడవ అనరు, అది నీళ్ల మీద తేలే పెట్టె మాత్రమే. తేవా అంటే సరిగ్గా అదే.

అయితే ఈ కథను బోధించేటప్పుడు మనలో చాలామంది, నేనూ అందులో ఒకడిని, ఒక పొరపాటు చేస్తుంటాం. ఆ తల్లి ఏటిలో బిడ్డను విడిచిన ఘడియనే ఆమె విశ్వాసమని చెప్పి ముగిస్తాం. హెబ్రీ పత్రిక పదకొండవ అధ్యాయం అలా చెప్పలేదు. “విశ్వాసమునుబట్టి రాజాజ్ఞకు భయపడక, మూడు మాసములు అతని దాచిపెట్టిరి” అని అక్కడ ఉంది. అంటే వాక్యం పేరుపెట్టి మెచ్చుకున్నది దాచిన మూడు నెలలను, వదిలిన క్షణాన్ని కాదు. బిడ్డ ఏడ్పు వీధిలోకి వినబడకుండా, పగలు నీళ్లకు పోయినా పనికి పోయినా గుండె ఇంటి దగ్గరే ఉంచుకుని, ఇరుగుపొరుగు మాటలకు ముఖం మార్చకుండా నెట్టుకొచ్చిన తొంభై రోజులను పరిశుద్ధాత్మ విశ్వాసం అని పిలిచాడు. దాచలేని రోజు వచ్చినప్పుడు కూడా ఆమె చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పెట్టె సంపాదించింది. జిగటమన్ను పూసింది, దాని మీద కీలు పూసింది. నీరు చొరబడకుండా ఏ సందు దగ్గర ఎంత మెత్తాలో ఆమెకు తెలిసినంతగా ఫరోకు తెలియదు. నడి ఏటిలో కాక, ప్రవాహం తగ్గివుండే ఒడ్డున, జమ్ము మధ్య పెట్టెను ఉంచింది. బిడ్డ అక్క మిర్యామును దూరంగా నిలబెట్టింది. ఒక మనిషి చేయగలిగినది అంతా చేసింది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. హెబ్రీయులకు పుట్టిన ప్రతి మగపిల్లవాడినీ ఏటిలో వేయమని ఫరో ఆజ్ఞ. పైకి చూస్తే ఆమె ఆ ఆజ్ఞనే పాటించింది, బిడ్డ ఏటిలోకే వెళ్లాడు. రాజు చావుకని చూపించిన నీళ్లనే ఆమె దేవుని చేతులుగా ఎంచుకుంది. తాను చేయగలిగినదంతా చేశాక ఆ పెట్టెలో ఆమె పెట్టలేకపోయినది ఒక్కటే, తెడ్డు. పెట్టినా తెడ్డు వేయడానికి మూడు నెలల బిడ్డకు చేతనవుతుందా?

ఇప్పుడు రెండవ తల్లి దగ్గరకు వద్దాం. ఇస్సాకు భార్య రిబ్కా కూడా భక్తిగల స్త్రీయే. కడుపులో కవలలు పెనుగులాడుతుంటే ఆమె వెళ్లి యెహోవాను అడిగింది, జవాబు కూడా పొందింది. “పెద్దవాడు చిన్నవానికి దాసుడగును” అన్న మాట ఆమె చెవిన పడింది. అంటే చిన్నవాడైన యాకోబు విషయంలో దేవుని చిత్తం ఏమిటో ఆమెకు తెలుసు. ఇది గమనించండి. దేవుని చిత్తం తెలియక తప్పు చేసినవారి గురించి కాదు మనం మాట్లాడుతున్నది, తెలిసి, దానిని తానే జరిపించాలని పూనుకున్న మనిషి గురించి. ఇస్సాకు ముసలివాడై, చూపు మందగించి, పెద్దవాడైన ఏశావును ఆశీర్వదిస్తానని వేటకు పంపాడు. రిబ్కా ఆ మాట విన్నది. దేవుని మాట తప్పిపోతుందేమోనన్న భయం ఆమెను పట్టుకున్నట్టుంది. మేకపిల్లలను తెప్పించి భర్తకు ఇష్టమైన రుచిగల వంట చేసింది, పెద్దకొడుకు బట్టలు చిన్నకొడుక్కి తొడిగింది, మేకతోళ్లు అతని చేతులకూ మెడకూ చుట్టింది. యాకోబు భయపడి, శాపం వస్తుందేమో అంటే, ఆ శాపం నా మీదికి రానిమ్మని అన్నది. ఆ ఒక్క మాట విని ఎంత ప్రేమగల తల్లి అని మనం కరిగిపోతాం. పిల్లల కోసం శాపమైనా భరిస్తాననే తల్లులు, తండ్రులు ఈ పందిట్లో కూడా ఉన్నారు. మీ ప్రేమను నేను శంకించను, రిబ్కా ప్రేమను కూడా శంకించను.

కానీ ఆ తరువాత జరిగినది చదవండి. ఏశావు తమ్ముణ్ణి చంపుతానన్నాడు. తల్లి యాకోబును పిలిచి, నీ అన్న కోపం చల్లారేవరకు నా అన్న లాబాను దగ్గర కొద్ది రోజులు ఉండు, తరువాత నేను కబురు పంపి పిలిపిస్తానన్నది. ఆమె లెక్కలో కొద్ది రోజులు. యాకోబు అక్కడ ఉన్నది ఇరవై ఏండ్లు. ఇక్కడ నాకు ఎప్పుడూ మనసు కలతపెట్టే సంగతి ఒకటి ఉంది. హెబ్రీలో రిబ్కా వాడిన “కొద్ది రోజులు” అనే మాటే రాహేలు కోసం యాకోబు కొలువు చేసిన ఏడేండ్ల దగ్గర మళ్లీ వస్తుంది, ఆ ఏడేండ్లు అతనికి కొద్ది రోజులుగా తోచాయట. కొడుక్కి అలా తోచాయి, తల్లికి ఎలా తోచాయో వాక్యం చెప్పదు. ఆమె పంపుతానన్న కబురు పంపినట్టు ఎక్కడా లేదు. యాకోబు తిరిగి వచ్చి తండ్రిని చేరుకున్నాడని ఉంది గాని తల్లిని చూశాడని లేదు. రిబ్కా దాది దెబోరా చనిపోతే బేతేలు దిగువన సింధూర వృక్షం క్రింద పాతిపెట్టారని వివరంగా వ్రాసిన గ్రంథం, రిబ్కా ఎప్పుడు కన్నుమూసిందో వ్రాయలేదు. ఆమెను ఎక్కడ పాతిపెట్టారో మాత్రం చాలా కాలం తరువాత, యాకోబు మరణశయ్య మీద చెప్పిన మాటల్లో వస్తుంది.

అంతకంటె బాధ కలిగించేది ఇరవై ఎనిమిదవ అధ్యాయం మొదట్లో ఉంది. యాకోబు ప్రయాణమవుతుంటే ఇస్సాకు అతన్ని పిలిచి మళ్లీ ఆశీర్వదించాడు, ఈసారి అతను యాకోబే అని తెలిసి. మేకతోలు లేదు, అన్న బట్టలు లేవు, వంటకం లేదు. అబ్రాహాముకు ఇచ్చిన ఆశీర్వాదాన్ని తండ్రి తన ఇష్టపూర్వకంగా ఆ కుమారుని మీద పలికాడు. రిబ్కా వేషాలు వేయించి దొంగిలించిన దానికంటె పెద్దది ఊరకే, పట్టపగలు దొరికింది. ఆమె వేచి ఉండి ఉంటే ఏమి జరిగేదో మనకు తెలియదు, తెలిసినట్టు బోధించడం సాహసం. కానీ ఇస్సాకు నోట యాకోబుకు ఆశీర్వాదం పలికించడానికి దేవునికి ఆ మేకతోళ్ల అవసరం లేదని మాత్రం ఆ అధ్యాయం తేటగా చెబుతుంది.

ఇద్దరు తల్లుల చేతులూ ఊరకే లేవు. ఒకామె కీలు పూసింది, ఒకామె తోళ్లు కట్టింది. ఇద్దరూ రహస్యంగా కొడుకు కోసమే చేశారు. ఇద్దరిదీ ప్రేమే, ఇద్దరిదీ శ్రమే. తేడా ఎక్కడుందో చెప్పడానికి మన తెలుగులో ఒక చక్కని మాట ఉంది, పెత్తనం. ఇంట్లో పని చేసేవాళ్లు వేరు, పెత్తనం చేసేవాళ్లు వేరు అని మన అమ్మమ్మలు అనేవారు. యోకెబెదు పని చేసింది. రిబ్కా పెత్తనం చేసింది. పెత్తనానికి గుర్తు ఏమిటంటే, అది ఎదుటి మనిషి కళ్లకు గంతలు కట్టకుండా సాగదు. ఇస్సాకు గుడ్డితనం లేకపోతే రిబ్కా ఉపాయం నిలవదు. మీరు ఏదైనా దేవుని చిత్తమని నమ్మి చేస్తున్నప్పుడు, ఈ సంగతి ఫలానావారికి తెలియకూడదు, తెలిస్తే చెడిపోతుంది అని మాటిమాటికీ అనిపిస్తుంటే ఒకసారి ఆగి, నేను కీలు పూస్తున్నానా, తోలు కడుతున్నానా అని అడగండి. (యోకెబెదు కూడా దాచింది కదా అంటారేమో. ఆమె దాచినది ప్రాణం తీసే రాజు దగ్గర, నమ్మి మంచం మీద పడుకున్న భర్త దగ్గర కాదు.)

నా సంగతి కూడా చెప్పకుండా ఈ మాటలు అనడం న్యాయం కాదు. మా పెద్దమ్మాయి ఇంటరు చదువుకు హైదరాబాదులో హాస్టలులో చేరినప్పుడు, ప్రతి రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆమెను పేరుపెట్టి దేవుని చేతికి అప్పగించేవాడిని. నా గొంతు వణికేది, ఇంట్లోవాళ్లు కన్నీళ్లు పెట్టుకునేవారు. ఆమేన్ అన్న పది నిమిషాలకు హాస్టలుకు ఫోను చేసేవాడిని. ఏమి తిన్నది, ఎవరితో కూర్చున్నది, గదిలో కొత్తగా చేరిన పిల్ల ఏ ఊరిది, ఇవన్నీ వార్డెనమ్మను అడిగేవాడిని. ఒక సెలవులో మా అమ్మాయి ఇంటికి వచ్చి, చాలా నెమ్మదిగా, “నాన్నా, మీరు నన్ను రోజూ అప్పగించేది దేవునికా, వార్డెనమ్మకా?” అని అడిగింది. నేను ఆ ఆదివారం విశ్వాసం మీద బోధించవలసి ఉంది. మరో వాక్యభాగం తీసుకున్నాను. ఫోను చేయడం తప్పు కాదు, తండ్రి ఆరా తీయడం పాపం కాదు. నా ఫోను మోగకపోతే దేవుడు కూడా నిద్రపోతాడన్నట్టు నేను ప్రవర్తించానే, అది తప్పు. అది ఆ పిల్లకు తెలిసినంత తేటగా నాకు తెలియలేదు.

ఇప్పుడు ఫోనులోనే పిల్లలు ఎక్కడున్నారో పటం మీద కనబడుతోంది, కాబట్టి వార్డెనమ్మ అవసరం కూడా తీరిపోయింది. సీటు ఏ కాలేజీలో రావాలో, అందులో ఏ బ్రాంచి కావాలో, అమెరికాలో ఉన్న అబ్బాయికి హెచ్-1బీ లాటరీలో పేరు ఏ సంవత్సరం రావాలో వివరాలతో సహా దేవునికి ముందే చెప్పి, చివర “అయినను నీ చిత్తమే” అని చేర్చే ప్రార్థనలు మనకు అలవాటు. పెండ్లి శుభలేఖల మీద “ప్రభువు చిత్తమైతే” అని అచ్చు వేయిస్తాం. యాకోబు పత్రికలోని “ప్రభువు చిత్తమైతే మనము బ్రదికియుండి ఇది అది చేతమని చెప్పుకొనవలెను” అన్న వచనం నుంచి వచ్చిన మంచి వాడుక అది. కల్యాణమంటపానికి అడ్వాన్సు కట్టిన తరువాతే ఆ మాట అచ్చవుతుందని నవ్వుకోవచ్చు గాని, అడ్వాన్సు కట్టడంలో తప్పు లేదు, అది కీలు పూయడమే. సంబంధం తప్పిపోయిన రోజున, లేదా ముహూర్తం రోజునే వాన పడిన రోజున మనం ఏమంటామో అక్కడ ఆ మాట నిజమో అలంకారమో తెలుస్తుంది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పళ్లెంలోంచి తీసుకునే, ఒక్కో వచనం అచ్చువేసిన వాగ్దాన కార్డుల గురించి నేను ఎక్కువ మాట్లాడను. ఆ పళ్లెంలో, యోబు తాను పుట్టిన దినాన్ని శపించుకున్న యోబు గ్రంథం మూడవ అధ్యాయంలోని వచనం ఎవరికైనా వచ్చిందా అని మాత్రం మా అమ్మ అడిగేది.

ముప్పది ఏడవ కీర్తనలో “నీ మార్గమును యెహోవాకు అప్పగింపుము” అని ఉన్నచోట హెబ్రీ మూలంలో ఉన్న క్రియకు అసలు అర్థం దొర్లించడం. వీపు మీద బియ్యం బస్తా మోసుకొచ్చిన హమాలీ లారీ అంచుకు ఆనించి, నడుము తిప్పి, బస్తాను లోపలికి దొర్లిస్తాడు. బస్తా లారీ మీదికి చేరిన తరువాత కూడా దానిని పట్టుకుని వేలాడే హమాలీని ఎవరూ చూసి ఉండరు. అయితే ఆ బస్తాను అక్కడిదాకా మోసినది అతనే. పేతురు “మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి” అన్నచోట వాడిన గ్రీకు క్రియ కొత్త నిబంధనలో ఇంకొక్కచోటే కనబడుతుంది. శిష్యులు తమ బట్టలు గాడిదపిల్ల మీద వేసి యేసును ఎక్కించినప్పుడు లూకా అదే క్రియ వాడాడు. ఒంటి మీది బట్ట తీసి మరొకదాని మీద వేస్తే అది ఇక మన ఒంటి మీద ఉండదు. నలభై ఆరవ కీర్తనలోని “ఊరకుండుడి, నేనే దేవుడనని తెలిసికొనుడి” అన్న మాటను మనం గోడ క్యాలెండరు మీద కొలను బొమ్మ పక్కన చూసి, ప్రశాంతంగా ధ్యానం చేసుకోమన్న పిలుపుగా తీసుకుంటాం. దాని ముందరి వచనం చదివితే అక్కడ విల్లు విరగడం, బల్లెము తెగడం, రథాలు కాలడం ఉన్నాయి. అది యుద్ధభూమిలో వినబడిన మాట. ఆయుధం పట్టుకున్న చేతిని సడలించమని ఆ క్రియకు అర్థం. కొలను ఒడ్డున చేతులు సడలించడం ఎవరికైనా సులువే.

ఈ జిల్లాలో నిలబడి ఈ అంశం మాట్లాడుతున్నప్పుడు మన సొంత సంఘ చరిత్రను దాటిపోవడం నాకు సాధ్యం కాదు. నెల్లూరులో బాప్టిస్టు మిషను ఏళ్ల తరబడి పనిచేసినా ఫలం పెద్దగా కనబడలేదు. 1853లో అమెరికాలోని ఆల్బనీ పట్టణంలో వారి మిషను సభ కూడినప్పుడు ఆ పనిని మూసివేద్దామా అని చర్చించారు. పటం మీద ఒంటరి చుక్కలా ఉన్న ఆ ఒక్క కేంద్రాన్ని నిలపాలని చివరకు నిర్ణయించారు. అందుకే మన పెద్దలు దానిని లోన్ స్టార్ మిషను అనేవారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ మిషనరీ లైమన్ జూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు ఒంగోలులో గుట్ట ఎక్కి, చుట్టూ ఉన్న పల్లెలను చూస్తూ ప్రార్థించారు. ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. ఆ సేవకుడు, అమెరికా మిషనరీ జాన్ క్లౌ, ఒంగోలుకు వచ్చినది 1866లో. మధ్యలో 1862లో మిషనును మూసేయాలన్న మాట మళ్లీ వచ్చింది. ఆ పన్నెండేళ్లు ప్రార్థన కొండ మీద ఏమీ కనబడలేదు.

క్లౌ అమెరికాలో సర్వేయరుగా పనిచేసిన మనిషి, గొలుసు పట్టి నేలను కొలిచే చేయి ఆయనది. సహజంగానే లెక్క ప్రకారం జరగాలనుకునే స్వభావం. ఒంగోలులో అగ్రకులాల పిల్లలు బడికి వస్తుంటే, ముందు వారు, వారి ద్వారా మిగతా సమాజం అన్న ఆశ ఆయనకు ఉండేది. జరిగినది వేరు. తోళ్ల వ్యాపారం చేసుకునే ఎర్రగుంట్ల పెరయ్యగారు తాళ్లకొండపాడు నుంచి వచ్చారు, ఆయన వెంట మాదిగ పల్లెలు కదిలాయి. వారిని చేర్చుకుంటే మేము రాము, మా పిల్లలను పంపము అని ఊరి పెద్దలు తేల్చిచెప్పారు. అప్పుడు క్లౌ ఒక గదిలో, ఆయన భార్య మరొక గదిలో, ఒకరికొకరు చెప్పుకోకుండా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమే వచ్చిందని ఆ కుటుంబం సాక్ష్యం ఇచ్చింది. లోకములో నీచులైన వారిని, తృణీకరింపబడిన వారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న వాక్యం అది. బైబిలు తెరిచి వేలు పెట్టిన చోట దేవుని చిత్తం వెదకమని నేను ఎవరికీ నేర్పను, అది పళ్లెంలో కార్డు తీయడం వంటిదే. ఆ కథలో నన్ను పట్టుకునేది వేలు పడిన చోటు కాదు. చదివిన తరువాత ఆయన తన పథకాన్ని వదులుకున్నాడు, బడిలోని పిల్లలు వెళ్లిపోతుంటే వెళ్లనిచ్చాడు. మనలో చాలామంది ఈ రోజు ఈ పందిట్లో కూర్చున్నామంటే ఒక సర్వేయరు తన పటాన్ని మడిచి పక్కన పెట్టినందుకే.

ఆ తరువాత 1876-78 కరువు వచ్చింది. క్లౌ ఏమి చేశాడు? బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్లు తవ్వే పని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి దొరికేట్టు చేశాడు. బోధకులు ఆ తవ్వకం దగ్గరే ఉండి, మధ్యాహ్నం పని ఆగినప్పుడు “ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి” అన్న వాక్యం చెప్పేవారు. వేలమంది బాప్తిస్మం అడిగారు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని, అలా వచ్చినవారు ఉండకూడదని ఆయన పదిహేను నెలలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. మిషను నివేదికలో వ్రాసుకోవడానికి అంకెలు అరచేతిలో ఉండగా ఆగడం చిన్న సంగతి కాదు. కరువు తగ్గి, సహాయం ఆపివేసిన తరువాత కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా. కాలువ తవ్వకంలో ఆయన చేయి ఉంది. ఎవరు రావాలో, ఎప్పుడు రావాలో, ఎంతమంది రావాలో ఆయన చేతిలో లేదు, దానిని చేతిలోకి తీసుకోగలిగిన ఒక్క అవకాశం వచ్చినప్పుడు ఆయన తీసుకోలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయకపోతే నా మనస్సాక్షి ఊరుకోదు. అప్పగించండి అన్న బోధను ఆయుధంగా వాడేవారు ఉన్నారు. త్రాగివచ్చి కొట్టే భర్త దగ్గర ఉన్న సహోదరితో, దేవునికి అప్పగించి ఓర్చుకో అమ్మా అని చెప్పి పంపేస్తారు. అది విశ్వాసబోధ కాదు. ఆ కాపురాన్ని కాదు, ఆమె ప్రాణాన్ని ముందు చూడాలి. యోకెబెదు తన బిడ్డను ఫరో భటులకు అప్పగించలేదు, వాళ్లకు దొరకకుండా దాచింది. అలాగే షుగరు మాత్రలు, బీపీ మాత్రలు మానేసి సాక్ష్యం చెప్పమనేవారి మాట వినవద్దు. దేవాలయ శిఖరం మీద నుంచి దూకమని సాతాను చెప్పినప్పుడు, దూతలు నిన్ను ఎత్తుకుంటారని వచనం కూడా చూపించాడు. ప్రభువు “ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు” అన్నాడు. కీలు పూయని పెట్టెను ఏటిలో వదిలేసి అదే విశ్వాసం అనుకోవడం దేవుణ్ణి శోధించడమే.

మరొక మాట కూడా దాచకూడదు. ఆ రోజుల్లో ఐగుప్తులో ఏటిలో పడిన బిడ్డలందరూ తిరిగి రాలేదు. వారి తల్లులు ప్రార్థించలేదని ఎవరు అనగలరు? అపొస్తలుల కార్యములు పన్నెండవ అధ్యాయంలో హేరోదు యోహాను సహోదరుడైన అపొస్తలుడు యాకోబును కత్తితో చంపించాడు, అదే హేరోదు చెరసాలలోంచి పేతురును దూత బయటికి తీసుకువచ్చాడు. సంఘం ఒకటే, దేవుడు ఒక్కడే. యాకోబు తల్లి ఆ ఉదయం ఏమి అనుకుని ఉంటుందో నేను ఆలోచించని సంవత్సరం లేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఈ కూడికలో ఉన్నారని నాకు తెలుసు, మీ పెట్టెకు కీలు తక్కువైందని నేను అనను, ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. గెత్సేమనేలో ప్రభువు తన ఇష్టమేమిటో దాచుకోలేదు. గిన్నె తొలగాలని అడిగాడు, మూడుసార్లు అడిగాడు. అడిగి, “నా యిష్టము కాదు, నీ చిత్తమే సిద్ధించును గాక” అన్నాడు. ఆ గిన్నె తొలగలేదు. కాబట్టి అప్పగించడమంటే కోరిక లేనట్టు నటించడం కాదు, కోరినది దక్కించుకునే ఉపాయం అంతకన్నా కాదు.

చివరిగా మళ్లీ ఏటి ఒడ్డుకు వస్తాను. ఫరో కుమార్తె పెట్టెను తెరిచింది, బిడ్డ ఏడ్చాడు, ఆమె కనికరించింది. మిర్యాము పరుగెత్తుకు వచ్చి దాదిని పిలుచుకు రానా అన్నది. “ఈ బిడ్డను తీసికొనిపోయి నా కొరకు పాలిచ్చి పెంచుము, నేను నీకు జీతమిచ్చెదను” అని రాజకుమార్తె చెప్పింది. సాధారణంగా మనం ఇక్కడ చప్పట్లు కొట్టి ఆపేస్తాం, తన బిడ్డను తానే పెంచుకోవడానికి జీతం కూడా దొరికిందని. కానీ “నా కొరకు” అన్న మాట ఒకటి ఆ వాక్యంలో ఉంది. బిడ్డ పెద్దవాడైన తరువాత ఆమె అతన్ని తీసుకువెళ్లి ఫరో కుమార్తెకు ఇచ్చింది, అతడు ఆమెకు కుమారుడయ్యాడు. మొదటిసారి వదిలినది మూడు నెలల పసికందును, ప్రాణభయంతో, ఇంకో దారి లేక. రెండవసారి వదిలినది అమ్మా అని పిలవడం నేర్చిన పిల్లవాడిని, చేయి పట్టుకుని నడిపించుకు వెళ్లి, ఐగుప్తు రాజభవనంలోకి, వేరే దేవతలు ఉన్న ఇంట్లోకి. ఈసారి జమ్ము లేదు, కీలు లేదు, దూరంగా నిలబడి చూడడానికి మిర్యామును కూడా లోపలికి రానివ్వరు. చెప్పవలసిన కథలన్నీ, అబ్రాహాము ఇస్సాకుల పేర్లన్నీ ఆ కొద్ది సంవత్సరాలలోనే ఆమె చెప్పి ఉండాలి. ఆ సాయంకాలం ఆమె ఒంటరిగా ఇంటికి ఎలా నడిచి వచ్చిందో మోషే వ్రాయలేదు, అతనికి తెలిసి ఉండకపోవచ్చు.

ఇప్పుడు మనం పాట పాడే ముందు ఐదు నిమిషాలు మౌనంగా ఉందాం. మీ మనసులో ఒక పేరు ఉంటుంది, అది కొడుకుదో కూతురుదో, భర్తదో, మాట్లాడడం మానేసిన తమ్ముడిదో కావచ్చు. ఈ కొద్దిసేపు ఆ పేరు ఒక్కటే దేవుని ఎదుట చెప్పండి. ఏమి చేయాలో, ఎప్పటిలోగా చేయాలో ఆయనకు చెప్పకండి. కష్టంగా ఉంటుంది, నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. ఫోన్లు ఆపి పక్కన పెట్టండి. కళ్లు మూసుకుందాం.